ఊరు ఓదార్చిన మనిషి

షెడ్డు బయట తగిలించిన ఫోను గంట మళ్ళీ మోగేసరికి నెవిల్ పాస్కో మోకాళ్ళ మధ్య గొర్రెను ఇరికించుకుని ఉన్నాడు. గొర్రె వీపు అతని కడుపుకానుకుని, నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టుకుని, పీట మీద కూర్చోబెట్టిన ముసలమ్మలా బిక్కచచ్చి చూస్తోంది. మిషను కత్తెర దాని తోక కింద తిరుగుతోంది. పెంట అంటుకుని గట్టిపడిన ఉన్ని ఉండలుగా నేల చెక్కల మీద పడుతుంటే, నోలా దాన్ని చీపురుతో పక్కకు లాగుతోంది.

"మోగుతోంది," అంది.

"వినపడుతోంది."

"ఆసుపత్రి నుంచే అయ్యుంటుంది నెవ్."

అతను గొర్రెను జారుడు బల్ల మీదికి తోసి, ఇంకోదాని కోసం దొడ్డి తలుపు తెరిచాడు. నోలా చీపురు గోడకి ఆనించి, ఈగలు తోలుకుంటూ ఎండలో ఇంటికేసి నడిచింది.

గుల్వారి ఊళ్ళో ఫోన్లన్నీ పోస్టాఫీసులో కూర్చునే బెరిల్ టిండల్ చేతుల మీదుగానే వెళ్ళాలి. "నోలా, పెద్దూరి ఆసుపత్రి నుంచి. కలుపుతున్నా," అంది బెరిల్. కలిపాక ఆవిడ తప్పుకోదని జిల్లాలో అందరికీ తెలుసు. ఆవిడ ఊపిరి తీగ మీద సన్నగా వినిపిస్తూనే ఉంటుంది.

"మిస్టర్ మలోనీకి మీరేమవుతారండీ?" అని అడిగింది నర్సు.

"డార్సీ మా దగ్గర కంచెలు వేస్తాడు. పనివాడు."

"ఆయన వాళ్ళెవరూ లేరా?"

"మాకు తెలిసి లేరు."

"పరిస్థితి బాగాలేదు. లోపల అంతా నలిగిపోయింది. నిన్నటి నుంచి 'నెవ్, నెవ్' అని ఒకటే కలవరింత. ఆయన తమ్ముడా?"

నోలా ఫోను తీగను వేలికి చుట్టుకుంది. బెరిల్ ఊపిరి ఆగింది.

"నెవ్ అంటే మా ఆయన," అంది నోలా. "కంచె గుంజ అతని మీద పడ్డప్పుడు పక్కన ఉన్నది ఆయనే కదా, ఆసుపత్రికి తీసుకొచ్చిందీ ఆయనే. అందుకని పిలుస్తున్నాడేమో."

"చూడదలుచుకుంటే తొందరగా రమ్మనండి మరి."

నోలా షెడ్డుకి తిరిగి వచ్చేసరికి నెవిల్ మిషను ఆపేసి, కత్తెర పళ్ళకు నూనె పెడుతున్నాడు. అప్పుడే నూనె పెట్టిన కత్తెరకి మళ్ళీ పెడుతున్నాడు. ఆమె విన్నదంతా చెప్పింది. పేరు పెట్టి పిలుస్తున్నాడని కూడా చెప్పింది.

"ఈ పని వదిలి ఎలా వెళ్ళను?" అన్నాడతను. "ఈగలు చూశావుగా. రెండ్రోజులాగితే సగం మందకి పురుగు పడుతుంది."

"మిగిలినవి నేను పక్క చేను కీత్‌ని అడిగి చేయిస్తాను. నువ్వెళ్ళు."

"వెళ్ళి?"

"పక్కన కూర్చో."

"ఎవరినని చెప్పి కూర్చోను?"

"యజమానినని చెప్పు."

నెవిల్ నూనె డబ్బా మూత బిగించాడు. "యజమాని మంచం పక్కన కూర్చుని ఏడవడు నోల్," అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ సంగతికి దగ్గరగా ఇద్దరి మధ్యా వచ్చిన మొదటి మాట అదే. అన్నాక అతనే బెదిరిపోయాడు. దొడ్డిలో గొర్రెలు చెక్కల మీద గిట్టలు టకటకలాడిస్తున్నాయి.

"ఆ బ్యాంకు కుర్రాడు గుర్తున్నాడా నీకు?" అన్నాడు మెల్లిగా.

గుర్తుండకేం. పియానో వాయించేవాడు, చేతిరుమాలు ఇస్త్రీ చేసి పెట్టుకునేవాడు. వాడికి మగాళ్ళ మీదే మనసని పుకారు పుట్టాక, ఫుట్‌బాల్ మైదానం వెనక ఊరి మగాళ్ళంతా చేరి అతన్ని కొట్టి, పెట్టె తెచ్చి రోడ్డు మీద పారేశారు. తర్వాత అతను ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. పోలీసాయన కూడా అక్కడే నిలబడి చూశాడు.

"కొట్టింది కీత్," అన్నాడు నెవిల్. "కొట్టేముందు కోటు విప్పి ఎవరైనా పట్టుకోండ్రా అన్నాడు. నేను పట్టుకున్నాను. అయిపోయేదాకా పట్టుకునే నిలబడ్డాను."

అతను మిషను తాడు లాగాడు. కత్తెర మళ్ళీ గుయ్యిమంది. ఇంక ఏం చెప్పినా వినపడదని నోలాకు తెలుసు. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది.

"అయితే నేను వెళ్తున్నాను," అని అరిచి చెప్పింది. అతను తలెత్తలేదు గానీ, పట్టుకున్న గొర్రెను వదిలేశాడు. అది షెడ్డంతా ఒక చుట్టు తిరిగి మూలకు చేరింది.

పెద్దూరికి దారి తిన్నగా, ఎర్రమట్టి లేపుకుంటూ పోతుంది. మొదటి గేటు దాటేదాకా రోడ్డుకి రెండు వైపులా పాస్కోల కంచే. ఆ చుట్టుపక్కల అంత బాగా నిలబడ్డ కంచె ఇంకోటి లేదు. తీగ వీణ తీగలా బిగిసి ఉంటుంది, గుంజలన్నీ ఒకే వరసలో. బాగున్న చోట కూడా ఏదో వంక చూపించి నెవిల్ ఏటేటా డార్సీని పిలిపించేవాడు. డార్సీ వాగు ఒడ్డున తన ఇల్లయిన పాత కారవాన్ బండి ఆపుకుని నెలల తరబడి ఉండిపోయేవాడు. మొదట్లో అతనికి పెట్టే అన్నం పళ్ళెం నోలా బల్ల మీద విసురుగా పెట్టేది. ఒకసారి ఆమె బట్టలారేసే తీగ తెగి, ఉతికిన దుప్పట్లన్నీ మట్టిలో పడ్డాయి. మగాళ్ళిద్దరూ చేలో ఉన్నారనుకుంది. వెనక నుంచి డార్సీ వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా తీగ బిగించి, దుప్పట్లు ఎత్తి తొట్టిలో వేసి, తనే తొక్కడం మొదలెట్టాడు. "మీరు అటు చివర పట్టుకోండి మిసెస్, పిండుదాం," అన్నాడు. ఆ తర్వాత పళ్ళెం మామూలుగానే పెట్టింది.

ఆసుపత్రిలో మగాళ్ళ వార్డు చివర, తెర పక్కన ఉన్నాడు డార్సీ. అంత మనిషీ మంచంలో సగమైపోయాడు. మొహం మైనం రంగుకి తిరిగింది. దుప్పటి మీద చేతులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. తీగ కోసిన మచ్చలు, విరిగి వంకరగా అతుక్కున్న బొటనవేలు. కీత్ హార్గన్ కూతురు గ్లెనిస్ ఆ వార్డులోనే పని చేస్తుంది. నోలాను చూసి ఆ పిల్ల కనుబొమలు ఎగరేసింది.

"అరె, మిసెస్ పాస్కో! మీరొచ్చారే?"

"ఎవరో ఒకరు రావాలిగా అమ్మా."

డార్సీ కళ్ళు తెరిచి ఆమె వెనకకి చూశాడు. వార్డు తలుపు దాకా చూపు పోయి, ఖాళీగా తిరిగొచ్చింది.

"గొర్రెల పని నడుస్తోంది," అంది నోలా కుర్చీ లాక్కుంటూ. "పురుగు భయం. రేపొస్తానన్నాడు."

"అవును, ఈ ఎండలకి ఆగదు," అన్నాడు డార్సీ. నెవిల్ తరఫున సాకు వెతికే భారం ఆమె మీద పడకుండా తనే అందుకున్నాడు. కాసేపాగి, "మీరెందుకొచ్చారు మిసెస్?" అన్నాడు.

"పొమ్మంటే పోతా."

"వద్దొద్దు." నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. "నాకు మీ చేతి టీ అలవాటు. ఇక్కడిచ్చేది గొర్రెల్ని ముంచే మందులా ఉంది."

ఆమె తడిగుడ్డతో అతని మొహం తుడిచింది. జుట్టులో ఇంకా ఎర్రమట్టి ఉంది. ఎవరూ కడిగినట్టు లేదు. గిన్నెలో నీళ్ళు తెచ్చి, వేళ్ళతో దువ్వుతూ కొంచెం కొంచెంగా ఆ మట్టి వదిలించింది. అతను కళ్ళు మూసుకుని పడుకున్నాడు. గ్లెనిస్ పక్క మంచం దగ్గర దిండు గలీబు మారుస్తూ, మార్చినదాన్నే మళ్ళీ సర్దుతూ ఉండిపోయింది.

మర్నాడు మాట బాగా తగ్గిపోయింది. నోలా చెయ్యి పట్టుకుని, పక్కవాళ్ళకి వినపడకుండా దగ్గరకి వంగమని సైగ చేశాడు. "నెవ్‌కి చెప్పండి," అన్నాడు. "ఆ మూల గుంజ గోతిలో నిలబెట్టాం గానీ మట్టి దట్టించలేదు. వదులుగా ఉంటే వరస మొత్తం వాలిపోతుంది. పొరపొరకీ నీళ్ళు చల్లి కొట్టమనండి. తొందరపడొద్దనండి."

"ఆ గుంజే కదయ్యా నీ మీద పడింది."

"దాని తప్పేముంది? గొలుసు జారింది." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మంచి కర్ర అది. మా ఇద్దరి కంటే ఎక్కువ కాలం ఉంటుంది."

ఇంటికొచ్చేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. నెవిల్ షెడ్డులో లేడు. పొయ్యి మీద కెటిల్ చల్లగా ఉంది, పొద్దున ఆమె పెట్టి వెళ్ళిన మాంసం ముట్టుకోలేదు. నోలా ట్రక్కులోనే చేను చివరికి పోయింది. అతను గేటు దగ్గరున్న నీళ్ళ తొట్టి మీద కూర్చుని ఉన్నాడు. ఆమె డార్సీ చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పింది. పొరపొరకీ నీళ్ళు, తొందరపడొద్దు.

నెవిల్ ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత లేచి, ట్రక్కు వెనక నుంచి గడ్డపార, పార, బకెట్టు తీసుకుని హద్దు మూలకు నడిచాడు. నోలా వెంట వెళ్ళింది. గుంజ చుట్టూ నేల మీద తొక్కిసలాట జరిగినట్టుంది. అక్కడొకచోట మట్టి నల్లగా గడ్డకట్టి ఉంటే అతను దాన్ని తప్పించుకుని నిలబడ్డాడు. గోతిలో పారెడు మట్టి వేశాడు. దోసిలితో నీళ్ళు చల్లాడు. గడ్డపార మొద్దు చివరతో గుంజ చుట్టూ తిరుగుతూ కొట్టాడు. ధన్, ధన్ అని చప్పుడు పక్క చేల దాకా పోతోంది. మళ్ళీ మట్టి, మళ్ళీ నీళ్ళు.

"ఇది రేపు చెయ్యొచ్చు నెవ్. అతను రేపటికి ఉండడు."

ధన్.

"ఇప్పుడు బయల్దేరితే మాట్లాడే స్థితిలో ఉండగా చేరతాం. నేను తలుపు దగ్గర నిలబడతాను. ఎవర్నీ రానివ్వను."

"గ్లెనిస్ ఉందిగా అక్కడ."

"ఉంటే ఉండనీ."

అతను గడ్డపార గుంజకి ఆనించి, నుదురు దాని మీద పెట్టాడు. అరచేతులు పొక్కులు లేచి చితికిపోయాయి. "నాతో అయ్యేది ఇదొక్కటే నోల్," అన్నాడు. "దీన్నన్నా సరిగ్గా చెయ్యనీ."

ఆమె ట్రక్కు దగ్గరికి నడుస్తుంటే వెనక ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది.

మూడోసారి వెళ్ళినప్పుడు వార్డులోకి అడుగు పెట్టగానే తెలిసిపోయింది. మంచం చుట్టూ తెర వేసేశారు. డార్సీ ఊపిరి గుక్కలు గుక్కలుగా, మధ్యలో చాలాసేపు ఆగిపోతూ వస్తోంది. నోలా చెయ్యి పట్టుకోగానే వేళ్ళు బిగించాడు. కళ్ళు తెరిచాడు గానీ అవి ఆమెను చూడ్డం లేదు.

"నెవ్?"

"వచ్చాడు," అంది నోలా. అనే ముందు ఆలోచించలేదు. "నాతోనే వచ్చాడు. బండి నీడన పెట్టి వస్తున్నాడు."

డార్సీ మొహంలో ఏదో కదిలింది. రెండో చేత్తో జుట్టు సర్దుకోబోయాడు. చెయ్యి సగం లేచి దుప్పటి మీద పడిపోయింది. నోలాయే సర్దింది. చెవుల వెనకకి, నెవిల్‌కి కనపడాల్సినట్టుగా.

"దుమ్ము..." అన్నాడు.

"లేదు, శుభ్రంగా ఉన్నావు. బాగున్నావు."

బయట ఎవరో బండి తలుపు వేసిన చప్పుడైంది. డార్సీ ఆ చప్పుడు విన్నాడో ఏమో, వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత వదులయ్యాయి. నోలా మళ్ళీ ఊపిరి వస్తుందని చాలాసేపు ఎదురుచూసింది. ఏడుపు ఆమెకు తెలియకుండానే వచ్చింది. దుప్పటి మీద తల ఆనించి, ఆ గరుకు చేతిని చెంపకి పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు తనదో, ఇంటి దగ్గర గడ్డపార పట్టుకున్నవాడిదో ఆమెకే తెలియలేదు. తెర సందులోంచి గ్లెనిస్ చూసి, వెనక్కి తగ్గి, తెర జాగ్రత్తగా మూసింది.

డార్సీని గుల్వారి శ్మశానంలోనే, క్యాథలిక్కుల వైపు మూలలో పెట్టారు. ఎండ మండిపోతోంది. పిట్టలు కూడా అరవడం లేదు. వచ్చింది గుప్పెడు మంది. డార్సీతో ఎప్పుడో పనిచేసిన ఒకరిద్దరు, పబ్బు ఆవిడ, బెరిల్, కీత్. నెవిల్ వెనక వరసలో మగాళ్ళతో పాటు నిలబడ్డాడు. టోపీ గుండెకి ఆనించుకుని, మాటిమాటికీ దాని అంచు తిప్పుతున్నాడు. పొరుగూరి నుంచి వచ్చిన ఫాదర్‌కి చచ్చిపోయినవాడెవరో తెలీదు. ప్రార్థన అయ్యాక పుస్తకం మూసి, "అయినవాళ్ళెవరైనా ఉంటే ముందుకొచ్చి మట్టి వెయ్యండి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఫాదర్ మరోసారి అందరి మొహాలూ చూశాడు. నోలా తల తిప్పి నెవిల్ వైపు చూసింది. అతను టోపీ లోపలి పట్టీని చదువుతున్నవాడిలా చూస్తున్నాడు. పెట్టె మీద ఒక్క పిడికెడు మట్టి కూడా పడకుండా జనం వెళ్ళిపోయేలా ఉన్నారు. నోలా చేతి తొడుగు తీసి, ముందుకెళ్ళి, వంగి మట్టి తీసుకుని వేసింది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. లేచి తిరిగేసరికి బెరిల్ పబ్బు ఆవిడ మోచేతిని పొడుస్తోంది.

ఆ తర్వాతి రెండు రోజులూ నోలాకు ఏమీ పట్టలేదు. శనివారం పిండీ పంచదారా కొనడానికి కొట్టుకెళ్తే, అప్పటిదాకా గలగలలాడుతున్న ఆడవాళ్ళు మాట మింగేశారు. బెరిల్ అక్కడే ఉంది.

"ఎలా ఉన్నావు నోలా?" అంది. గొంతులో తేనె.

"బాగానే ఉన్నా."

"నీ సంగతి కాదులే. నెవ్ ఎలా ఉన్నాడు పాపం?"

"నెవ్‌కేం?"

"అదీ అడుగుతావా? మహానుభావుడు. ఇంకో మగాడైతే బయటికి గెంటేవాడు." బెరిల్ బుట్ట చేతికి తగిలించుకుంది. "వచ్చే బుధవారం ఆడవాళ్ళ సంఘం టీ విందుకి కేకులు నువ్వు తేనక్కర్లేదు. వేరేవాళ్ళకి చెప్పాం."

నోలాకు అర్థం కావడానికి కొట్టు గడప దాటే వరకూ పట్టింది. అర్థమయ్యాక చిత్రంగా నవ్వొచ్చింది. ట్రక్కులో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, నవ్వు ఆగేదాకా అలాగే ఉంది. ఎంత పిచ్చి మాట! ఇంటికెళ్ళి నెవ్‌కి చెప్తే అతనికి ఎంత కోపమొస్తుందో అనుకుంది.

నెవిల్ వంటింట్లో బూట్లు విప్పుకుంటున్నాడు. పబ్బు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, బీరు వాసన కొడుతోంది. ఆమె చెప్పింది. అతను బూటు లేసు ముడి విప్పుతూనే ఉన్నాడు.

"నీకు తెలుసా?" అంది నోలా.

"కీత్ చెప్పాడు."

"ఎప్పుడు?"

"మట్టి చేసిన రోజు. పబ్బులో."

"ఏమన్నాడు?"

నెవిల్ ముడి వదిలేశాడు. "భుజం మీద చెయ్యేశాడు. 'ఒరే నెవ్, ఊరంతా నీ వైపేరా,' అన్నాడు. గ్లెనిస్ అంతా చూసిందట. చెయ్యి పట్టుకోవడం, జుట్టు దువ్వడం. చివర్లో నీ ఏడుపు. 'చచ్చేముందు వాడికి పాపభయం పట్టుకుందిరా, నీ పెళ్ళాన్ని పెట్టుకున్నందుకు నిన్ను క్షమాపణ అడగాలని పేరు పెట్టి పిలిచాడు, నువ్వు పోకపోవడమే మంచిదయింది,' అన్నాడు. అందరూ నాకు బీరు పోయించారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకుండా ఏం చేశావు?"

"తల దించుకున్నాను."

గోడ మీద ఈగ ఒకటి పైకి పాకి, జారి, మళ్ళీ పాకింది. నోలా కుర్చీ లాగి కూర్చుంది. పిండి సంచీ ఇంకా చంకలోనే ఉంది.

"రేపెళ్ళి కాదని చెప్పు. నా పెళ్ళాం అలాంటిది కాదని చెప్పు. దానికి భయమెందుకు?"

"కాదంటే ఊరుకోరు నోల్." అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. కళ్ళ కింద నలుపు. "నీ సంగతి కాకపోతే మరి నన్నెందుకు పిలిచాడని అడుగుతారు. మూడు రోజులు నా పేరే కలవరించాడు. నర్సులందరూ విన్నారు. బెరిల్ కూడా వింది. ఇప్పుడు వాళ్ళకి దానికో అర్థం దొరికింది. అది లాగేస్తే ఇంకో అర్థం వెతుక్కుంటారు. వెతికితే దొరుకుతుంది."

"అయితే నేను మొయ్యాలా?"

"కొన్నాళ్ళు పోతే మర్చిపోతారు."

"ఎవరు? వీళ్ళా?"

అతను బూట్లు లాగి విప్పాడు. ఆమె లేచి పిండి డబ్బాలో పోసింది. సగం బయట పడింది. పడినదాన్ని చేత్తో కూడదీస్తూ, "అతనికి నేను అబద్ధం చెప్పాను తెలుసా," అంది. "వచ్చావని చెప్పాను. బండి నీడన పెట్టి వస్తున్నావని. జుట్టు సర్దుకోబోయాడు నీ కోసం."

నెవిల్ నోరు తెరిచాడు. ఏడుపు రాలేదు. బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతోనే పెరట్లోకి వెళ్ళిపోయాడు. డార్సీ చచ్చిపోయిన కబురు ఆమె చెప్పినప్పుడూ అంతే. కంట తడి లేదు. భోజనం బల్ల దగ్గర మాంసం ముక్క కోస్తాడు, నోటిదాకా తెస్తాడు, దించేస్తాడు.

ఆదివారం చర్చి నుంచి నోలా ఒక్కతే ముందుగా వచ్చేసింది. ఆమె కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. నెవిల్‌ని మగాళ్ళు గేటు దగ్గర ఆపి, చుట్టూ మూగి, గడ్డి ధరలూ వాన సంగతులూ మాట్లాడుతూ, మధ్యమధ్య వీపు తడుతున్నారు. అతన్ని కీత్ తన బండిలో ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు. మధ్యాహ్నం నోలా వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తుంటే ఫోను మోగింది.

"జానీన్ నుంచి, నోలా," అంది బెరిల్. ఈసారి గొంతులో తేనె లేదు.

కూతురు జానీన్ పెళ్ళయి సముద్రం వైపు ఊళ్ళో ఉంటోంది. ఆ పిల్లకి ఎవరు చేరవేశారో అడగక్కర్లేదు.

"అమ్మా," అంది జానీన్. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయిన గొంతు. "నిజమేనా?"

"ఏది?"

"దాటెయ్యకమ్మా. డార్సీ మామతో... మనింట్లో బల్ల దగ్గర కూర్చుని తిన్నవాడితో! నాకు సైకిలు నేర్పించినవాడితో!"

నోలా నడవలో గోడకానుకుని నిలబడింది. నెవిల్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. కూతురి గొంతు అక్కడికి కూడా సన్నగా వినిపిస్తోంది. అతను ద్వారబంధం పట్టుకున్నాడు. దొడ్డిలో మూలకి నెట్టిన గొర్రె, ఇంక పారిపోవడానికి చోటు లేనప్పుడు చూసినట్టు చూస్తున్నాడు.

"కాదని ఒక్క మాట చెప్పు," అంది జానీన్. "ఎందుకెళ్ళావో అడగను. ఎందుకేడ్చావో అడగను. కాదను చాలు, నమ్ముతాను. మా ఆయన్తో, అత్తగారితో, అందరితో పోట్లాడతాను."

తీగ మీద బెరిల్ ఊపిరి ఆగిపోయింది. నోలా కూతురి మాటలు విన్నది, ఆ ఆగిన ఊపిరి విన్నది. రెండక్షరాల మాట. నాలుక చివరే ఉంది. చెప్పాక ఈ తీగ పట్టుకుని అది ఎంత దూరం పోతుందో, కీత్ కోటు విప్పి ఎవరి చేతికిస్తాడో, ద్వారబంధం పట్టుకున్న ఆ చితికిన అరచేతులు ఏమవుతాయో, అంతా ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చింది.

"నువ్వు విన్నదేదో విన్నావు," అంది. "నేను చెప్పేదేం లేదు తల్లీ."

జానీన్ గొంతు పూర్తిగా మారిపోయి వచ్చింది. "నాన్నకివ్వు."

నోలా ఫోను చాచింది. నెవిల్ తల అడ్డంగా ఊపాడు. ఆమె అతని చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"నాన్నా," అంది జానీన్. "నాన్నా, నువ్వు ఎలా ఉన్నావు? ఎంత బాధపడి ఉంటావో నాకు తెలుసు నాన్నా. ఎవరికీ చెప్పుకోలేక లోపలే కుమిలిపోయి ఉంటావు. నా దగ్గర దాచక్కర్లేదు. ఏడువు నాన్నా. ఫర్వాలేదు, ఏడువు."

నెవిల్ గోడ వైపు తిరిగాడు. భుజాలు ఒకసారి ఎగిరి పడ్డాయి. ముందు దగ్గులాంటి చప్పుడొకటి వచ్చింది. ఆ తర్వాత కడుపులోంచి, గొంతు చీల్చుకుంటూ, పెద్దగా వచ్చింది. పశువు అరిచినట్టు ఏడ్చాడు. నడవలో నేల మీద కూలబడ్డాడు, ఫోను మాత్రం చెవికే అదుముకుని. "పోయాడే," అన్నాడు. మధ్యలో ఒక్కసారి, స్పష్టంగా. వెంటనే, "పోయిందే, అంతా పోయిందే తల్లీ," అని మార్చుకున్నాడు. "అవును నాన్నా, అవును," అంటోంది జానీన్. ఆ ఏడుపుల మధ్య తీగ మీద మూడో మనిషి ముక్కు చీదిన చప్పుడు కూడా వినిపించింది. బెరిల్ టిండల్ కూడా అతనితో పాటు ఏడుస్తోంది.

నోలా అతన్ని దాటుకుని వరండాలోకి వచ్చింది. గేటు దగ్గర దుమ్ము లేచింది. కీత్ హార్గన్ ట్రక్కు వచ్చి ఆగింది. కీత్ దిగి, బీరు సీసాల అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని మెట్ల దాకా వచ్చాడు. లోపలి నుంచి వస్తున్న చప్పుడుకి ఆగిపోయాడు.

"నెవ్‌ని చూసి పోదామని," అన్నాడు ఆమె మొహం చూడకుండా.

"ఇప్పుడు కాదు కీత్."

"వాడి ఏడుపు విన్నావా?" అన్నాడు కీత్. మొహం జేవురించింది. "ఆ చేతులు చూశావా నువ్వు? పొక్కులు లేచేదాకా ఒక్కడే పని చేసుకుంటూ బాధ మింగాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఎరుగుదును వాణ్ణి. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి. సిగ్గుండాలి నోలా నీకు."

ఆమె అతని కోటు కేసి చూసింది. ఆదివారం కోటు, బొత్తాలన్నీ పెట్టుకుని ఉంది. లోపల నెవిల్ ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. ఆపుకోవడం లేదు. ఎవరైనా వింటారన్న భయం ఆ గొంతులో లేదు. ఈ నేల మీద అతనికి అలా ఏడవడానికి దొరికిన దారి ఇదొక్కటే, అదెంతసేపుంటుందో తెలీదు.

నోలా వెనక చేత్తో తలుపు దగ్గరగా లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"నిజమే కీత్," అంది. "కాస్త ఆగి రా."